గోల్డ్ లైనింగ్ వేసే చెయ్యి

ఈ వారం ఒక హోటల్‌కి భోజనానికి వెళ్తే గుమ్మం పక్కన అరుగు మీద పాత జావా మోటార్‌సైకిల్ నిలబెట్టి ఉంది. మెరూన్ రంగు, ట్యాంకు పక్కలకి క్రోమ్, రెండు సైలెన్సర్లు, అన్నీ తళతళలాడుతున్నాయి. తీరా దగ్గరికెళ్తే, ట్యాంకు మీద కుంచెతో తీయాల్సిన బంగారు గీత బదులు స్టిక్కర్ అంటించారు. కార్బురేటర్ లేదు. కిక్ రాడ్డు చేత్తో నొక్కితే పిసరంత కదల్లేదు. పిస్టన్ ఎప్పుడో పట్టేసింది. నడవని బండికి అంత సింగారం చేసి, పక్కన నిలబడి ఫొటోలు దిగమంటున్నారు. నాకు ముద్ద దిగలేదు.

ఇంటికొచ్చేసరికి మా పశువుల డాక్టరు గారబ్బాయి ఫోను. డాక్టరు గారు పోయి ఏడాదైంది. ఆయన జావా ఇంకా ఊళ్లో పెంకుటింటి వసారాలోనే ఉంది. "బాబాయ్, మొత్తం విప్పించి కొత్తగా చేయించమంటారా, నాన్న వదిలినట్టే ఉంచేయమంటారా?"

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా జవాబు అడక్కుండానే తెలుసు. గుడి స్తంభాలకి ఎనామిల్ రంగులు పూయొద్దని, పాత రాతి మెట్ల మీద గ్రానైట్ పలకలు పరవొద్దని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నవాణ్ణి. లేపాక్షిలో కప్పు మీది బొమ్మలు పెచ్చులూడిన చోట పెచ్చులూడినట్టే ఉన్నాయి. అందుకే మిగిలింది దాదాపు అయిదు వందల ఏళ్ల కిందటి చేతిపనేనని నమ్మకంగా చూస్తున్నాం. దాని మీద ఎంత మంచి చిత్రకారుడు కొత్త రంగు వేసినా ఆ నమ్మకం పోతుంది. బండికీ అదే న్యాయం అని నా వాదన.

పైగా ఆ బండి నాకు తెలుసు. గన్నవరం, నూజివీడు చుట్టుపక్కల పల్లెలన్నీ డాక్టరు గారు దాని మీదే తిరిగారు. ఎక్కడో ఆవు ఈనలేక అవస్థపడుతోందని కబురొస్తే అర్ధరాత్రైనా ఆ శబ్దం వినిపించేది. వెనక మడ్‌గార్డ్ ఎడమ వైపు అరచేయంత మేర రంగు లేదు. మందుల పెట్టె కట్టిన చోటు అది. పెట్టె అంచు రాసుకుని రాసుకుని మెరూన్ పోయి, ప్రైమర్ పోయి, ఇనుము నున్నగా తేలింది. ఏ పెయింటర్ తేగలడు దాన్ని?

"ఉంచెయ్" అని అప్పుడే చెప్పేద్దును. కానీ మెకానిక్‌కి చూపించకుండా చెప్పడం న్యాయం కాదని భాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను.

భాయ్ గురించి చెప్పాలి. గవర్నర్‌పేట వెనక సందులో ఆయన షెడ్డు ముందు ఒకప్పుడు జావాలు, యెజ్డీలు వరసకట్టి ఉండేవి. 1961లో మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ మొదలైంది. డిజైను చెకోస్లొవేకియాది. 1973లో ట్యాంకు మీద జావా పేరు పోయి యెజ్డీ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. భాయ్ షెడ్డు మాత్రం మూతపడలేదు.

కాలేజీ రోజుల్లో నేను అక్కడ గంటలకొద్దీ కూర్చునేవాణ్ణి. ఆయన ఇగ్నిషన్ టైమింగ్ పెట్టడం చూడ్డానికి. ప్లగ్గు విప్పేసి, ఆ రంధ్రంలోంచి సన్నటి చువ్వ దింపి పిస్టన్ మీద ఆనించేవాడు. ఇంజన్‌ని చేత్తో తిప్పుతూ పిస్టన్‌ని పూర్తిగా పైకి తెచ్చి, మళ్లీ వెనక్కి తిప్పి దాదాపు మూడు మిల్లీమీటర్లు కిందికి దించేవాడు. కాంటాక్ట్ పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం దూర్చి, రెండు వేళ్లతో మెల్లగా లాగుతూ ఉండేవాడు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ కాగితం రాదు. విడివడే క్షణంలో జారి చేతికొచ్చేస్తుంది. పిస్టన్ సరిగ్గా ఆ మూడు మిల్లీమీటర్ల దగ్గర ఉన్నప్పుడే కాగితం జారాలి. వెంట్రుకవాసి ముందు జారినా ప్లేటు స్క్రూ వదులు చేసి, కాస్త జరిపి, మళ్లీ మొదటికి. ఆ పని చేస్తున్నంతసేపు ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. తర్వాత గేర్ రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పి ఒక్క కిక్కు కొట్టేవాడు. జావాలో కిక్ రాడ్డూ, గేర్ రాడ్డూ ఒకటే కదా. పొగతో పాటు మొదటి దెబ్బకే శబ్దం.

ఆ సందు చివరే లైనింగ్ మేస్త్రి కూర్చునేవాడు. లారీల వెనక అక్షరాలు, సినిమా బ్యానర్లు, బండి ట్యాంకులు అన్నీ ఆయన చేతి మీదే. పొడుగాటి వెంట్రుకల కుంచె ముంచి, చిటికెన వేలు ట్యాంకు అంచుకి ఆనించి, మణికట్టు బిగబట్టి, మనిషే ట్యాంకు చుట్టూ నడిచేవాడు. క్రోమ్‌కీ రంగుకీ మధ్య ఆ గీత ఈ చివర ఎంత సన్నమో ఆ చివరా అంతే సన్నం. ఫ్లెక్సులు వచ్చాక ఆయనకి పని లేకుండా పోయింది.

వసారాలో భాయ్ ట్యాంకు విప్పి వెలుగులో పట్టి చూశాడు. అడుగున సూదిమొనంత చిల్లులు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది తేమని పీలుస్తుంది. నడపకుండా నిలవుంచితే నీరు కిందికి దిగి ఇనుముని తినేస్తుంది. తర్వాత సిలిండర్ ఎత్తి కనెక్టింగ్ రాడ్డు పట్టుకున్నాడు. అది పక్కలకి కొంచెం ఆడొచ్చు, పైకీ కిందికీ ఆడకూడదు. ఇది ఆడుతోంది. క్రాంక్ పిన్ను ప్రెస్ మీద ఊడదీసి, కొత్త రాడ్డు వేసి, డయల్ పెట్టి, రాగి సుత్తితో తట్టి తట్టి వంకర తీయాలి.

"ఇది చేయగలిగినవాళ్లు ఊళ్లో ఇంకెవరున్నారు భాయ్?" అన్నాను.

"నేనున్నాను. మా కుర్రాడు సెన్సర్ల పని నేర్చుకున్నాడు, తెలివైనవాడు. క్రాంక్ నేర్పుదామంటే ముందు విప్పిన క్రాంక్ ఉండాలి కదా సార్. జావా వచ్చి ఎన్నాళ్లయింది?"

ఆ మాట దగ్గర నా వాదన ఆగిపోయింది. లేపాక్షి బొమ్మలు గీసినవాళ్లు లేరు. కనుక వాళ్లు గీసిన గీతల్ని కాపాడుకోవడమే మనకు మిగిలింది. జావా సంగతి అది కాదు. చేసిన ఫ్యాక్టరీ పోయినా చేయగల చేతులు ఇంకా ఉన్నాయి. వాటిని ఊరికే కూర్చోబెట్టి, ఇనుము మీది మరకని మాత్రం భద్రం చేయడం తలకిందుల పని. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన టూరిన్ చార్టర్‌లో అసలు రూపాన్ని కాపాడమని ఎంత గట్టిగా చెప్పిందో, బండి వాడుకలో ఉంటేనే దాన్ని నడిపే, బాగుచేసే విద్య తర్వాతి తరానికి అందుతుందనీ చెప్పింది. నేను ఇన్నాళ్లూ మొదటి సగాన్నే పట్టుకున్నాను.

అందుకని అబ్బాయికి చెప్పాను: మొత్తం విప్పించు. రంగు కూడా. మందుల పెట్టె రాపిడి పోతుంది, ముందు మంచి ఫొటో తీసి పెట్టుకో. లైనింగ్ మేస్త్రి ఇప్పుడు కొడుకు ఇంట్లో ఉంటున్నాడు, భాయ్ దగ్గర నంబరుంది. కుంచె ఆయన చేతికే ఇద్దాం. ఫ్రేముకి పౌడర్ కోటింగ్ వద్దు, ఛాసిస్ నంబరు పూడిపోతుంది. రేపు రిజిస్ట్రేషన్ కోసం ఇన్‌స్పెక్టర్ పెన్సిల్ ప్రింట్ తీసినప్పుడు అంకెలు స్పష్టంగా పడాలి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని 20 వేల రూపాయలు కట్టి వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, వీఏ అక్షరాలతో నంబరిస్తారు. ఛాసిస్, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. కానీ ఆ బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజువారీ తిప్పకూడదు. మనకది వద్దు. మామూలు ఆర్‌సీయే రెన్యువల్ చేయించు. పెట్రోలు పోయించినప్పుడల్లా లీటరుకి 40 మిల్లీలీటర్ల లెక్కన ఆయిల్ కలిపి, నూజివీడు దాకా వెళ్లిరా.

భాయ్‌కి కూడా ఒక మాట చెప్పాను. క్రాంక్ కుర్రాడి చేత చేయించాలి, ఆయన పక్కన కూర్చుని చెప్పాలి. నెల ఆలస్యమైనా ఫర్వాలేదు. ఒక రాడ్డు పాడైతే ఇంకోటి కొందాం.