కుక్క కోలుకొన్నది, మరి కషాయం పనిచేసినట్లేనా?

భీమవరంలో ఇద్దరు ఉన్నత పాఠశాల విద్యార్థులు కాలువగట్టున పడివున్న ఒక వీధికుక్కను జాలిపడి ఇంటికి తెచ్చినారనుకొందాము. అది డొక్కలు అంటుకుపోయి ఉన్నది. నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసపడుతున్నది, పొడిదగ్గు దగ్గుతున్నది. పశువైద్యుడు దాని రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూచి, అందులో సన్నని పురుగులు కదులుతున్నవని చెప్పినాడు. ఇది గుండె పురుగు కావచ్చును, మరికొన్ని పరీక్షలు చేయవలెనన్నాడు. ఆ పరీక్షలకూ చికిత్సకూ డబ్బు కావలెను. ఈలోగా ఇరుగుపొరుగువారు వేపాకు, పసుపు, వెల్లుల్లి వేసి కాచిన కషాయం పట్టమన్నారు. పిల్లలు మూడు వారాలు పట్టినారు. కుక్క ఒళ్లు చేసినది, దగ్గు తగ్గినది, తోక ఆడిస్తూ ఎదురు వస్తున్నది. వారు విజ్ఞాన ప్రదర్శన కొరకు ఒక అట్టమీద "గుండె పురుగును చంపే మూలికా కషాయం" అని పెద్ద అక్షరాలతో వ్రాసినారు.

ఇది కల్పించిన ఉదాహరణ. అయినా ఇట్టి వాదన మనము తరచుగా వింటున్నదే. "మందు ఇచ్చాము, జబ్బు తగ్గినది, కాబట్టి మందువల్లనే తగ్గినది" అనే ఈ మాటను పరీక్షించి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశము. పిల్లల దయాగుణాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. అట్టమీది వాక్యాన్ని మాత్రం తప్పు పట్టవలసి ఉన్నది. ఏలనగా, ఆ వాక్యం నిజం కాకపోతే నష్టపోయేది నోరులేని కుక్కయే.

ముందుగా ఈ పురుగు సంగతి తెలిసికొందాము. దీని శాస్త్రీయ నామము డైరోఫైలేరియా ఇమ్మిటిస్. ఇది దారంవలె సన్నగా ఉంటుంది. ఆడపురుగు 25 నుండి 30 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. గుండె పురుగు అని పేరేగాని, ఇది ఎక్కువగా నివసించేది పుపుస ధమనులలో, అనగా గుండె కుడిభాగంనుండి ఊపిరితిత్తులకు రక్తం తీసికొనిపోయే నాళాలలో. పురుగులు ఎక్కువైనప్పుడు గుండె కుడిభాగంలోనికి కూడ వస్తవి. ఆడపురుగు గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. మైక్రోఫైలేరియాలనే ఈ పిల్లలు మిల్లీమీటరులో మూడవవంతు పొడవైనా ఉండవు. అవి రక్తంలో తిరుగుతూ ఉంటవి. దోమ కుట్టినప్పుడు రక్తంతోపాటు దోమ కడుపులోనికి పోయి, వెచ్చని వాతావరణంలో సుమారు రెండు వారాలు పెరిగి, ఆ దోమ మరొక కుక్కను కుట్టినప్పుడు దానిలో ప్రవేశిస్తవి. అక్కడ అవి పెద్దవై తిరిగి పిల్లలను కనడానికి ఆరేడు నెలలు పడుతుంది. పెద్దపురుగు ఐదు నుండి ఏడు సంవత్సరాలు బ్రతుకగలదు.

గోదావరి డెల్టా వారికి ఈ కథ కొత్తది కాదు. కాలువలు, మురుగుకోడులు, చెరువులు ఉన్న ఈ ప్రాంతము చిరకాలముగా బోదకాలుకు పేరు మోసినది. బోదకాలు తెచ్చే ఉకరేరియా బాంక్రాఫ్టి కూడ ఫైలేరియా కుటుంబంలోనిదే. అది కూడ దోమవల్లనే వ్యాపిస్తుంది. ఆరోగ్యశాఖవారు రాత్రిపూట ఇంటికి వచ్చి వేలిచివర రక్తం తీసికొనిపోయిన సంగతి పెద్దలకు జ్ఞాపకము ఉండవచ్చును. బోదకాలు పిల్లపురుగులు రాత్రివేళ మాత్రమే పైరక్తంలోనికి హెచ్చుగా వస్తవి గనుక అట్లు చేయవలసి వచ్చినది. కాని ఒక్క సంగతి. ఆ పురుగు వేరు, కుక్క గుండె పురుగు వేరు. కుక్కవల్ల మనిషికి బోదకాలు రాదు.

ఇప్పుడు వాదనను చూద్దాము. అందులోని మొదటి లోపము: అది అసలు గుండె పురుగేనా? కుక్క రక్తంలో కనిపించే పిల్లపురుగులన్నీ గుండె పురుగు పిల్లలు కావు. మన దేశంలో గుండె పురుగు ఈశాన్య రాష్ట్రాలలో ఎక్కువగా కనిపించినది. దక్షిణాదిని కుక్కలలో తరచుగా కనిపించేది దాని దాయాది, డైరోఫైలేరియా రెపెన్స్. దాని పెద్దపురుగులు గుండెలో గాక చర్మము క్రింద ఉంటవి. సూక్ష్మదర్శినిలో ఈ రెండింటి పిల్లలూ చాలవరకు ఒకే తీరుగా కనిపిస్తవి. వాటిని వేరు పరచడానికి ప్రత్యేక పరీక్షలు కావలెను. గుండె పురుగు ఆడపురుగునుండి రక్తంలోనికి వచ్చే పదార్థాన్ని పట్టుకొనే ఆంటిజెన్ పరీక్ష అందులో ముఖ్యమైనది. ఏ పురుగో తెలియకుండా "గుండె పురుగు చచ్చినది" అనడం, ఎవరు వచ్చారో చూడకుండానే ఫలానావాడు వెళ్లిపోయినాడని చెప్పడం వంటిది.

రెండవ లోపము: ఏమి కొలిచినారు? బరువు, దగ్గు, హుషారు. ఈ మూడూ పురుగుల సంఖ్యను చెప్పలేవు. ఆకలితో మాడిన కుక్కకు మూడు వారాలు వేళకు అన్నము, నీడ, విశ్రాంతి దొరికితే ఏ కషాయమూ లేకుండానే ఒళ్లు చేస్తుంది. గుండె పురుగు ఉన్న కుక్కకు ఆయాసము శ్రమవల్ల హెచ్చుతుంది. ఇంట్లో కట్టివేస్తే దగ్గు తగ్గవచ్చును. వీధికుక్కకు పేలు, గోమార్లు, పేగులలో పురుగులు ఉండడం సామాన్యము. పిల్లలు వాటిని వదలగొట్టి ఉంటే ఆ మేలు కూడ ఈ లెక్కలో కలిసిపోయినది. ఇన్ని మార్పులు ఒకేసారి జరిగినప్పుడు కీర్తి అంతా కషాయానికే కట్టబెట్టడం న్యాయము కాదు.

పోనీ, రక్తం మళ్లీ పరీక్షించి పిల్లపురుగులు తగ్గినవని చూపినారనుకొందాము. అప్పటికీ తొందరపడరాదు. గుండె పురుగు పిల్లల సంఖ్య కూడ రోజంతా ఒకే తీరుగా ఉండదు, సాయంకాలము పెరుగుతుంది. మొదటి చుక్క సాయంకాలము, రెండవ చుక్క ఉదయము తీస్తే, ఏ మందూ ఇవ్వకుండానే తగ్గినట్లు కనిపించవచ్చును. అంతేగాక, పిల్లలు చచ్చినంత మాత్రాన తల్లులు చచ్చినట్లు కాదు. కుక్క ప్రాణానికి ముప్పు తెచ్చేది పుపుస ధమనులలోని పెద్దపురుగులు. అవి చచ్చిన తరువాత కూడ ఆంటిజెన్ పరీక్ష ఫలితము మారడానికి నెలలు పడుతుంది. కనుక మూడు వారాలలో ఈ వ్యాధి నయమైనదని ఎవరు చెప్పినా, ఏ మందు పేరు చెప్పినా, నమ్మదగినది కాదు.

మూడవ లోపము అన్నింటికంటె ఆసక్తికరమైనది. కషాయము నిజముగానే పెద్దపురుగులన్నిటినీ ఒక్కమారు చంపినదనుకొందాము. అప్పుడు కుక్క గంతులు వేయదు, అపాయములో పడుతుంది. పేగులలోని పురుగు చస్తే బయటకు పోతుంది. రక్తనాళములోని పురుగుకు బయటకు పోయే దారి లేదు. చచ్చిన పురుగు ముక్కలై, రక్తప్రవాహంలో కొట్టుకొనిపోయి, ఊపిరితిత్తుల సన్నని నాళాలకు అడ్డుపడుతుంది. అందుచేతనే మెలార్సొమీన్ అనే ఆర్సెనిక్ సంబంధమైన మందుతో చికిత్స చేసేటప్పుడు పశువైద్యులు అంత జాగ్రత్త పడుతారు. మొదట డాక్సీసైక్లిన్ ఇచ్చి, పురుగుల ఒంటిలో వాటికి తోడుగా బ్రతికే ఉల్బాకియా అనే బాక్టీరియాను చంపి, పురుగులను బలహీనపరుస్తారు. తరువాత నడుము కండరములో ఒక సూదిమందు. నెల గడచిన పిదప ఒకరోజు ఎడముతో మరి రెండు. ఆ నెలలన్నీ కుక్కను పరుగెత్తనీయరాదు. కనుక "పురుగులన్నీ కరిగిపోయినవి, కుక్క మరునాడే పరుగెత్తుతున్నది" అనే మాట తన్ను తానే ఖండించుకొంటున్నది.

"పనిచేయకపోతే పోనీ, ఆకుమందువల్ల నష్టమేమున్నది?" అని కొందరు అడుగుతారు. నష్టము రెండు విధాలు. మొదటిది, వెల్లుల్లి. మన వంటకు మేలైనదే, కాని ఉల్లి, వెల్లుల్లి జాతులు కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తవి. తగినంత మోతాదు పడితే రక్తహీనత కలుగుతుంది. ఊపిరి చాలక రొప్పుతున్న కుక్కకు రక్తము కూడ తక్కువ చేయడము మేలు కాదు. రెండవది, కాలవ్యయము. కషాయం పట్టిన మూడు వారాలూ పురుగులు ధమనుల గోడలను గాయపరుస్తూనే ఉంటవి.

ఇంతవరకు చదివి, ఈ వ్యాసము మూలికలను నిందించుచున్నదని ఎవరైనా అనుకొంటే పొరపాటు. 1982లో దత్తా, సుకుల్ అనే మన దేశపు పరిశోధకులు నేలవేము ఆకుల కషాయాన్ని కుక్కల ఫైలేరియాపై పరీక్షించినారు. గాజుపాత్రలో పిల్లపురుగులు చచ్చినవనీ, వ్యాధి ఉన్న కుక్కల రక్తంలో వాటి సంఖ్య బాగా తగ్గినదనీ ప్రకటించినారు. ఇది గౌరవింపదగిన పని. కాని వారు పరీక్షించినది గుండె పురుగును కాదు; చర్మము క్రింద నివసించి, కుక్కకు అంతగా హాని చేయని మరొక ఫైలేరియాను. దానిని పట్టుకొని "నేలవేము గుండె పురుగుకు మందు" అంటే, వారు చెప్పని మాటను వారి నోట పెట్టినట్లవుతుంది.

మూలిక మందుగా నిలిచిన ఉదాహరణ కూడ ఉన్నది. చైనాకు చెందిన టు యూయూ ప్రాచీన వైద్యగ్రంథంలోని ఒక సూచననుబట్టి, 1971లో ఒక మాచిపత్రి జాతి మొక్కనుండి మలేరియా మందు సారాన్ని తీసింది. కాచితే గుణము చెడుతున్నదని గ్రహించి, తక్కువ వేడిమిలో ఈథరుతో తీసినది. అదే ఆర్టిమిసినిన్. ఆమెకు 2015లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ బహుమానాన్నే ఆమెతో పంచుకొన్న ఓమురా, కాంప్‌బెల్ కనుగొన్నది ఐవర్‌మెక్టిన్‌కు మూలమైన అవర్‌మెక్టిన్‌ను; అది జపాను మట్టిలోని సూక్ష్మజీవినుండి వచ్చినది. కుక్కలకు గుండె పురుగు పట్టకుండా నెలనెలా ఇచ్చే మందులలో ఐవర్‌మెక్టిన్ ఒకటి. ఒకటి ఆకునుండి, ఒకటి మట్టినుండి వచ్చినా రెండూ ఒకే పరీక్షకు నిలిచినవి.

ఇక భీమవరానికి తిరిగి వద్దాము. ఈ పట్టణంలోనే 1895లో యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించినారు. మద్రాసులో వైద్యము చదివిన పిదప ఆయన ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించినారు. ఆయుర్వేద ఔషధాల గుణము ఆయన్ను ఆకర్షించినది; వాటిని ఆధునిక పరిశోధనకు లోబరచవలెనని కోరుకొన్నారు. 1923లో అమెరికా చేరి, 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన సాగించినారు. డైఇథైల్‌కార్బమజీన్ అనే మందు, అనగా హెట్రజాన్, ఫైలేరియాపై పనిచేస్తుందని 1947లో అక్కడినుండి వెలువడిన పత్రంలో ఆయన పేరు సహరచయితగా ఉన్నది. ఆ పత్రములోని పరీక్షలు జరిగినది పత్తి ఎలుకలమీద, కుక్కలమీద. ఆయన పుట్టిన గోదావరి సీమలో ఆ మందే తరువాత బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచినారు.

ఆ మందు కథలో మనకు మరొక హెచ్చరిక ఉన్నది. అది మనిషి ఫైలేరియాకు మంచి మందే. ఒకప్పుడు అమెరికాలో కుక్కలకు గుండె పురుగు పట్టకుండా ప్రతిదినము ఇచ్చేవారు కూడ. కాని రక్తంలో అప్పటికే గుండె పురుగు పిల్లలున్న కుక్కకు ఇస్తే, అది స్పృహ తప్పి పడిపోవచ్చును, చనిపోనూ వచ్చును. కనుక బోదకాలు మాత్రలు ఇంట్లో మిగిలి ఉన్నవిగదా అని కుక్కకు వేయరాదు. మందు పరీక్షకు నిలిచినదైనా, ఏ పురుగుకు, ఏ దశలో, ఏ ప్రాణికి అన్న ప్రశ్నలు మిగిలే ఉంటవి. కషాయాన్ని అడిగిన ప్రశ్నలే దానినీ అడుగవలెను.

ఉపాధ్యాయులు ఆ విద్యార్థులతో ఏమి చెప్పవలెను? అట్టను చించివేయమని చెప్పనక్కరలేదు. శీర్షిక మార్చి, నోటుపుస్తకములో ఇట్లు వ్రాయమనవచ్చును: "మూడు వారాలలో కుక్క బరువు ఇంత పెరిగినది. దగ్గు తగ్గినది. ఆ కాలములో తిండి, విశ్రాంతి, కషాయము ఇచ్చాము. రక్తములోని పురుగు ఏ జాతిదో నిర్ణయింపబడలేదు. పెద్దపురుగులు ఉన్నవో లేవో మాకు తెలియదు." ఈ వాక్యాలు అట్టమీద అంత ఘనముగా కనిపించవు. కాని వీటిలో ప్రతిదీ నిజము. చివరి రెండు వాక్యాలు చదివినవారు ఆ కుక్కను తిరిగి పశువైద్యశాలకు తీసికొనిపోవలెనని వెంటనే గ్రహిస్తారు. "గుండె పురుగును చంపే కషాయం" అని నమ్మినవారు తీసికొనిపోరు.