రాన్‌పింగళ: ఒక సాక్ష్య విమర్శ

అంతరించినదని తలచిన పక్షిని చూచితిననువానిని లోకము మెచ్చుకొనును, ‘ఏది సాక్ష్యము?’ అని యడుగువానిని మెచ్చదు. ఖాందేశపు రాన్‌పింగళ చరిత్ర యీ యలవాటును సవరింపదగినది.

పింగళ యను మరాఠీ పేరు మహారాష్ట్రమందలి తెలుగువారికి క్రొత్త కాదు. ఊరి చెట్ల తొఱ్ఱలలో కాపురముండు చిన్న గుడ్లగూబ యది. దాని యడవి బంధువే రాన్‌పింగళ. 1872లో బ్లెవిట్ సేకరించిన పక్షిని బట్టి 1873లో హ్యూమ్ దీనిని వర్ణించి, శాస్త్రనామమున బ్లెవిట్ పేరు నిలిపెను. ఆ శతాబ్దమున దొరకినవి ఏడు నమూనాలే. 1884 తరువాత నిక్కమైన జాడ లేదు.

చూచితిమనువారు లేకపోలేదు. ఛాయాచిత్రములును వచ్చెను, పరిశీలింపగా నవి ఊరి పింగళవని తేలెను. ఊరిదానికి నెత్తిన, వీపున తెల్లని చుక్కలు స్పష్టముగా నుండును. అడవిదానికి దాదాపు ఉండవు, తోక పట్టెలు మాత్రము వెడల్పు. కోరినదే కంటికి కనబడుటకు ఈపాటి పోలిక చాలును.

ఇది పొరపాటు. మైనెర్ట్‌జాగన్ చేసినది వేఱు. ఈ బ్రిటిష్ సైనికాధికారి 1914లో గుజరాతులోని మాండ్వి చెంత తాను సేకరించితినని చీటి కట్టిన నమూనా యొకటి బ్రిటిష్ మ్యూజియమున చేరెను. సామాన్యుని కంటిచూపును శంకించిన పండితులు అధికారి చీటిని మాత్రము దశాబ్దములు శంకింపరైరి! పమేలా రాస్ముసెన్, నైజెల్ కాలర్‌లు దానిని పరీక్షించిరి. చర్మమును సిద్ధపఱచిన తీరున జేమ్స్ డేవిడ్సన్ చేతిజాడలు మిగిలియుండెను. 1880ల ప్రాంతమున నాతడు ఖాందేశమున సేకరించిన పక్షినే అపహరించి, విప్పి, మరల కూర్చి, క్రొత్త చీటి కట్టిరని 1999లో వారు ప్రకటించిరి.

మాండ్వి యబద్ధమని తేలినందున, వెదకవలసినవి నిజమైన నమూనాలు దొరకిన తావులే యైనవి. 1997 నవంబరు 25న షహాదా చెంత రాస్ముసెన్, బెన్ కింగ్ ప్రభృతులకు పట్టపగలే యొక చెట్టుపై చిన్న గుడ్లగూబ కనబడెను. వెంటనే సంబరపడలేదు, నెత్తిన చుక్కలున్నవా యని చూచిరి, లేవు. చలచ్చిత్రము తీసిరి. 113 ఏండ్ల యెడబాటును తీర్చినది శంకయే గాని నమ్మకము కాదు.

మన కడప కలివికోడి విషయమున, 1986లో, స్థానికుడైన వేటగాని చేత చిక్కిన పక్షియే సాక్ష్యమైనది. అచట హోదాతో పని పడలేదు. రాన్‌పింగళ తరువాత మేల్‌ఘాట్‌లోను, ఖండ్వా అడవులలోను, 2014లో ముంబయి చేరువనున్న తాన్సాలోను కానవచ్చెను. ప్రతి తావునను నెత్తి చుక్కలను మరల పరీక్షించియే.