తప్పుల లెక్కలో కనిపించని కాళ్లు

ఎర్రమట్టి టెన్నిస్ మాట వస్తే చాలు, 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ మీద పాత తీర్పే మళ్లీ వినిపిస్తుంది: కోకో గాఫ్ గెలవలేదు, సబలెంకానే చేజేతులా ఓడింది. ఈ వారమూ వినిపించింది, చిరాకేసింది. సాక్ష్యంగా చూపేది ఒక్క అంకెనే. అనవసర తప్పిదాలు సబలెంకావి 70, గాఫ్‌వి 30. స్కోరుకార్డు కన్నా ముందు కోర్టును చూడాలన్నది ఈ కాలమ్ పాత పాటే. రోలాండ్ గారోస్‌లో మనం చూసే ఎరుపంతా ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇటుక పొడి, దాని కింద సున్నపురాయి పొర. ఆ పొడి బంతి వేగాన్ని తగ్గించి పైకి లేపుతుంది. హార్డ్ కోర్టు మీద విన్నర్ అయ్యే షాట్‌ను ఇక్కడ గాఫ్ జారుతూ వెళ్లి అందుకుంటుంది. బంతి తిరిగొస్తుంది, అదీ భుజం ఎత్తులో. మూడోసారీ అలాగే వస్తే కొట్టే క్రీడాకారిణి గీతకు మరింత దగ్గరగా గురిపెడుతుంది. అది బయట పడితే ‘అనవసర తప్పిదం’గా నమోదవుతుంది. ఆ తప్పును రాబట్టిన పరుగు మాత్రం ఏ పట్టికలోనూ ఉండదు.

‘అదంతా గాలి మహిమ’ అనేవారున్నారు. ఆ రోజు గాలి గట్టిగానే వీచింది. రెండు రోజుల ముందు అదే కోర్టులో, పైకప్పు మూసి ఆడిన సెమీస్‌లో సబలెంకా చివరి సెట్‌ను 6-0తో గెలిచి స్వియాటెక్‌ను ఇంటికి పంపింది. కానీ ఫైనల్లో గాలి ఇద్దరికీ ఒకటే. నెట్‌ను ఒరుసుకుంటూ బలంగా కొట్టే షాట్‌ను అది ఎక్కువ దెబ్బతీస్తుంది. టాప్‌స్పిన్‌తో ఎత్తుగా పంపిన బంతికి గీత లోపల పడే వీలుంటుంది. తొలి సెట్ టైబ్రేక్‌లో పోయినా గాఫ్ 6-2, 6-4తో తర్వాతి రెండూ గెలిచింది.

అయితే తప్పులు తగ్గించుకున్నవారిదే మట్టి కోర్టా? 2017 ఫైనల్ కాదంటుంది. హలెప్ అనవసర తప్పిదాలు 10 మాత్రమే, ఒస్టాపెంకోవి 54. అయినా 6-4, 3-0 ఆధిక్యం నుంచి హలెప్ ఓడింది. ఎందుకంటే ఒస్టాపెంకో విన్నర్లూ 54, హలెప్‌వి 8. బంతిని వెనక్కి పంపితే చాలదు, ఎదుటివారు ఇష్టపడే ఎత్తులో అందకుండా పంపాలి. కాబట్టి మట్టి ఓపికను గెలిపిస్తుందన్న మాటా సగమే నిజం. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు తప్పుల లెక్క పక్కనపెట్టి, బంతి ఎవరికి నడుము దగ్గర అందుతోందో, ఎవరికి భుజం మీదికి లేస్తోందో గమనించండి.