తోయుటయే గాని లాగుట లేని ఆట

దక్షిణ అండమాను ద్వీపమున నైరుతి తీరమందు వండూర్ అను గ్రామము కలదు. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానమునకు అదియే వాకిలి. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకు పోవు పడవలు ఆ రేవునుండియే బయలుదేరును. 2020 ఆగస్టులో చెన్నైనుండి సముద్రగర్భమున వేసిన కేబులు పనిచేయ నారంభించువరకు ఈ దీవులకు ఇంటర్నెట్టు ప్రధానముగా ఉపగ్రహముల దయవలననే అందుచుండెను. వేలకొలది బొమ్మలతో, సంగీతముతో బరువెక్కిన వీడియో క్రీడలను అట్టి సన్నని దారిలో తెప్పించుకొనుట సామాన్యమైన పని కాదు. అట్టి తావునకు సైతము అవలీలగా చేరగల ఆట ఒకటి కలదు. దాని పేరు సోకోబాన్. గోడకొక గుర్తు, పెట్టెకొక గుర్తు, గమ్యమునకొక గుర్తు, మనిషికొక గుర్తు చొప్పున వ్రాసినచో అందలి చిన్న చిక్కు ఒకటి ఏబది అరువది గుర్తులలో ముగియును. సీసపద్యమునకు పట్టునంత చోటైనను దాని కక్కరలేదు.

జపానుదేశీయుడైన హిరోయుకి ఇమాబయాషి 1981లో ఈ ఆటను కల్పించెను. తకరాజుకా నగరమందలి థింకింగ్ ర్యాబిట్ సంస్థ 1982లో దానిని వెలువరించెను. సోకోబాన్ అనగా గిడ్డంగి కాపరి. గళ్లుగా విభజింపబడిన గిడ్డంగిలో కాపరి నాలుగు దిక్కులకు మాత్రమే నడచును. ఎదుటి పెట్టెను తోయగలడు, లాగలేడు. రెండు పెట్టెలను ఒక్కమారు తోయలేడు. గుర్తించిన గళ్లలోనికి పెట్టె లన్నియు చేరినచో చిక్కు విడిపోవును. నియమము లింతే. అండమాను అడవులలో దుంగలను చేరవేసిన ఏనుగులు తోయుటను, లాగుటను గూడ నేర్చినవి; ఈ కాపరికి అందులో సగము విద్యయే వచ్చును. లోపించిన ఆ సగమే ఈ ఆటకు ప్రాణము.

ఈ ఆటను గూర్చియు, దీని సంతతియైన ఆటలను గూర్చియు క్రీడాకారులు వెలిబుచ్చు అభిప్రాయములలో మొదట వినవచ్చునది శుష్కత్వ దోషము. కథ లేదు, పాత్రలు లేవు, వర్ణము లేదు. గోడలు, పెట్టెలు తప్ప కంటికి విందేమియు లేదందురు. ఈ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. అయినను తెలుగువారికి ఈ శుష్కత్వము క్రొత్త కాదు. పులిజూదమునకు బండమీద గీసిన నాలుగు గీతలు, కొన్ని గులకరాళ్లు చాలినవి. అంతకంటె దగ్గరి పోలిక అవధానమందలి నిషిద్ధాక్షరి. పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరము నిషేధించుకొలది అవధానికి దారి ఇరుకగును. ఆ ఇరుకునుండి వెలువడిన పదము సభను మెప్పించును. పెట్టె వెనుకకు రాదను ఒక్క నిషేధము సోకోబానులో చేయు పనియు నట్టిదే. కనుక ఆభరణములు లేవని ఈ ఆటను నిందించుట కంటె, ఆ ఒక్క నిషేధమునుండి ప్రతి చిక్కునందును ఏదైన క్రొత్త భావము పుట్టినదా లేదా యని విచారించుట న్యాయము.

అసలు వివాదము మరియొకచోట నున్నది. పొరపాటున తోసిన పెట్టెను తిరిగి పూర్వస్థానమునకు చేర్చు ‘అండూ’ మీట ఉండదగునా? కూడదనువారి వాదము బలమైనదే. లాగరాదను నియమముచేత పుట్టిన ఆటలో, కాలమునే వెనుకకు లాగుట ఆ నియమమును దొడ్డిదారిని ఉల్లంఘించుట కాదా? భయము లేనిచోట ఆలోచన ఉండదు. క్రీడాకారుడు తడుముకొనుచు, తోచినట్లెల్ల తోసి చూచుననుట వారి ఆక్షేపణ. రెండవ పక్షమువారు, నూటయేబది అడుగులు సరిగా నడచి నూటయేబదియొకటవ అడుగున తప్పినందులకు మొదటినుండి నడువు మనుట బుద్ధికి పరీక్ష కాదు, ఓర్పునకు శిక్ష యందురు.

ఈ వాదమున రెండవ పక్షమే సమంజసముగా దోచుచున్నది. కారణము ఆటలోని దోషముల స్వభావమునందే ఉన్నది. మూలకు చేరిన పెట్టె చచ్చినదని పసివాడును గుర్తించును. కాని గమ్యమొకటియు లేని గోడ పొడుగునకు చేరిన పెట్టె అటు నిటు సుఖముగా జరుగుచునే యుండును; ఆ గోడను విడిచి మాత్రము ఎన్నటికిని రాలేదు. ఆట చెడిన క్షణమొకటి, చెడినట్లు తెలిసిన క్షణము వేరొకటి. ఈ రెంటినడుమ నలువది అడుగు లుండవచ్చును. మీట నొక్కుచు వెనుకకు పోవువాడు ఎచ్చట ఆగవలెనో మీట చెప్పదు. అది తెలిసికొనుటయే చిక్కును విప్పుట. ఇక తడుముకొనుట యందురా, అది చిన్న గదులలో ఫలించునేమో గాని పెద్ద గిడ్డంగులలో ఫలింపదు. ఈ ఆట, పరిమాణము పెరిగినకొలది కంప్యూటరునకు సైతము శీఘ్రమార్గము దొరకునన్న ఆశ లేని కఠినసమస్యల తరగతికి చెందినదని 1997లో కెనడా దేశపు ఆల్బర్టా విశ్వవిద్యాలయమునకు చెందిన జోసెఫ్ కల్బర్సన్ నిరూపించెను. అట్టి అడవిలో గ్రుడ్డివాని కఱ్ఱకు దారి తగులదు. అవధానికి నోట వెడలిన అక్షరము వెనుకకు రాదు. వ్రాతకవికి కొట్టివేత కలదు. కొట్టివేత కలదని వ్రాతకవిని కవి కాడని ఎవ్వరైన ననిరా?

నిజమైన దోషము క్రీడాకారులు అంతగా పట్టించుకొననిచోట నున్నది. కొన్ని చిక్కులలో ఉపాయము కొంచెము, నడక యెక్కువ. కీలకము తెలిసిన పిమ్మటను పది పెట్టెలను ఒకే త్రోవను, ఒకే విధమున, ఒకదాని వెనుక నొకటిగా చేరవేయవలసి వచ్చును. ఇది పునరుక్తి. డేవిడ్ స్కిన్నర్ కూర్చిన ‘మైక్రోబాన్’ సంపుటిలోని చిక్కులు పెక్కు ఇందులకు భిన్నమైనవి. గది చిన్నది, పెట్టెలు రెండో మూడో, భావ మొక్కటి. ప్రారంభకుల కుద్దేశింపబడినదని దానిని తక్కువగా చూచుట తగదు. చాటువును ప్రబంధముతో కొలువరాదు. పరిష్కారమును అడుగుల సంఖ్యతో కొలువవలెనా, తోపుల సంఖ్యతో కొలువవలెనా అను తగవు నున్నది గాని, రెండు లెక్కలను వేర్వేరుగా వ్రాసికొను నభిరుచిగలవారి పద్ధతితో అది తీరినట్లే.

తరువాతి కాలపు రచనలలో స్టీఫెన్ లావెల్ 2016లో వెలువరించిన ‘స్టీఫెన్స్ సాసేజ్ రోల్’ గొప్ప చర్చకు పాత్రమైనది. మోటు రూపము గల ఆటకు ముప్పది డాలర్ల వెల యేమిటని కొందరు వెరగుపడిరి. ఆట ముగించిన వారిలో పలువురు ఆ మాట నెత్తలేదు. పుటలను లెక్కించి పుస్తకమునకు వెలకట్టు అలవాటు మనకును ఉన్నది గనుక నవ్వుటకు మన కధికారము లేదు. అర్వి తెయికారి 2019లో రచించిన ‘బాబా ఈజ్ యు’ యందు ఆటను నడపు నియమములే మాటలుగా నేలపై పడియుండును. పెట్టెలవలె వాటిని తోసి వాక్యము మార్చినచో నియమము మారును. గోడ యను మాటను వాక్యమునుండి తప్పించినచో గోడ అడ్డుట మానివేయును. అన్వయము మారినచో లోకము మారుట సాహిత్యజ్ఞులకు ప్రత్యేకముగా నచ్చదగిన కల్పన.

వండూరు ఇసుకలో కఱ్ఱతో గళ్లు గీసి, గవ్వలను పెట్టెలుగా నుంచి సోకోబాను నాడవచ్చును. కాని కంప్యూటరులో గోడ కాపరిని ఆపును. ఇసుకలో గీత చేతిని ఆపదు. గవ్వను పైకెత్తి వెనుకకు పెట్టుట యెంత సులభమో, పెట్టకుండుట అంత కష్టము. ‘అండూ’ మీట వద్దనువారు ఒక్కమారైన నీ విధముగా ఆడి చూడవలసినది. అచ్చట ప్రతి తోపునకును పూచీ ఆడువానిదే. గవ్వ ఏ గడిలోనుండి కదలినదో జ్ఞాపకముంచుకొను భారము గూడ వానిదే.