మా వాకిట్లో వనవాసి

నా దగ్గరున్న 'వనవాసి'కి అట్ట లేదు. మొదటి నాలుగు పేజీలు కూడా ఎవరి ఇంట్లోనో ఉండిపోయాయి. హాస్టల్లో చదివే రోజుల్లో ఒక అన్న ఇచ్చాడు. అతనికి ఇంకొకరు ఇచ్చారట. నేను కనీసం పదిమందికి ఇచ్చాను, పదిసార్లూ తిరిగొచ్చింది. మా గూడేల్లో ఎరువిచ్చిన గొడ్డలి తిరిగి రావడమే గొప్ప, ఇది పుస్తకం!

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారాం గారి తెలుగు ఇది. రచయిత స్వయంగా భాగల్పూర్ వైపు ఒక జమీందారీ ఎస్టేటులో పనిచేశాడు. నవలలో కథ చెప్పే సత్యచరణ్ కూడా అలాంటి మేనేజరే. కలకత్తాలో ఉద్యోగం లేక అడవికి వస్తాడు. మొదట్లో ఆ నిశ్శబ్దానికి బెదిరిపోతాడు, తర్వాత దాన్ని విడిచి ఉండలేని మనిషవుతాడు. కానీ అతని ఉద్యోగం ఏమిటి? ఆ అడవిని ముక్కలు చేసి రైతులకు పట్టాలివ్వడం. వెన్నెల గురించి పుటలకు పుటలు రాసిన చేతే సంతకాలు కూడా పెడుతుంది.

మొదటిసారి చదివినప్పుడు ఈ సంగతి నాకు పట్టలేదు. సరస్వతీ కుండి ఒడ్డున ఎవరూ అడగకుండా, ఎవరూ జీతమివ్వకుండా ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి నాటే జుగల్ ప్రసాద్ మీద ప్రేమ పుట్టింది. నాట్యం నేర్చుకోవాలని ఊరూరా తిరిగిన ధాతురియా రైలు పట్టాల మీద చనిపోయిన చోట పుస్తకం మూసేసి బయటికి వెళ్ళిపోయాను. ఇలాంటివే పక్కవాడికి చెప్పాలనిపిస్తాయి. నవలను పంచుకోవడమంటే నా మట్టుకు ఇదే: నాకు గొంతు పట్టేసిన చోట ఇంకొకరికీ పట్టేస్తుందో లేదో చూడాలనే ఆత్రం.

ఇప్పపూలు ఏరే రోజుల్లో ఒక సెలవుకి ఇంటికి పోయినప్పుడు, రాత్రిపూట మా వాకిట్లో చదవడం మొదలుపెట్టాను. తెలుగులో చదువుతూ కోయలో చెప్పేవాణ్ణి. బెంగాలీ నుంచి తెలుగుకీ, తెలుగు నుంచి కోయకీ వచ్చేసరికి వర్ణనలు సగం రాలిపోయాయి. నిజం చెప్పాలంటే వాటికోసం ఎవరూ బెంగపడలేదు. అడవి ఎలా ఉంటుందో మావాళ్ళకి చెప్పాలా? అడవి దున్నపోతులు గుంటలో పడకుండా చెయ్యెత్తి ఆపే దేవుడు టాండ్‌బారో కథ మాత్రం మూడు రాత్రులు చెప్పించుకున్నారు.

రాజా దోబ్రు పన్నా దగ్గర వాకిలి నిశ్శబ్దమైపోయింది. సంతాల్ తిరుగుబాటుకు నాయకుడైన మనిషి, ముసలితనంలో పశువులు కాసుకుంటూ కనిపిస్తాడు. మేనేజరుకి తన పూర్వీకుల సమాధులు చూపిస్తాడు. రచయిత ఇక్కడ వెక్కిరించడు, జాలితో చిన్నబుచ్చడు. రాజును రాజుగానే నిలబెడతాడు. 1930ల నాటి రచనలో ఈ మర్యాద నాకిప్పటికీ అపురూపమే.

దోబ్రు మునిమనవరాలు భానుమతి. భారతదేశం పేరు విన్నావా అని సత్యచరణ్ అడిగితే ఆమె వినలేదంటుంది. అదెటువైపుంది అని తిరిగి అడుగుతుంది. నేను చదివిన కాలేజీలో ఈ ఘట్టం చెబితే తరగతంతా నవ్వింది. చూపు నావైపు తిప్పి మరీ నవ్వింది. చాలా ఏళ్ళు ఆ పేజీ దాటేసి చదివేవాణ్ణి. వాకిట్లో ఆ రాత్రి కూడా దాటేద్దామనుకున్నాను గాని, అమ్మమ్మ ముందు అబద్ధం ఆడలేక చదివేశాను. ఆమె నవ్వలేదు.

"మరి ఆ దొరకి రాకముందు ఈ పిల్ల ఊరు తెలుసా?" అంది.

ఈ ఒక్క మాటతో నవల నాకు వేరేగా తెరుచుకుంది. బిభూతిభూషణ్ ఆ ప్రశ్న అడగనివ్వలేదు గాని, ఆ ప్రశ్నకి చోటు మాత్రం వదిలాడు. భానుమతి అమాయకత్వంగా కనిపించేది నిజానికి మేనేజరు పటంలోని ఖాళీ.

చివర్లో సత్యచరణ్ అడవి దేవతలను క్షమాపణ అడుగుతాడు. పట్నపు విమర్శకులకు అది గొప్ప ముగింపు. మా మామ మాత్రం "పంచేసినాక ఏడిస్తే ఏం లాభం?" అని బీడీ వెలిగించుకున్నాడు. 1/70 చట్టం ఉండగానే భూమి చేతులు మారడం కళ్ళారా చూసినవాడు. ఆయన మాట కొట్టేయలేను. అయినా ఆ పశ్చాత్తాపం దొంగది కాదనే నా నమ్మకం. తప్పు చేసినవాడు తన తప్పును ఇంత అందంగా, ఇంత వివరంగా ఒప్పుకున్న నవలలు ఎన్నున్నాయి? ఆ అందమే కాస్త ప్రమాదం కూడా. చదివినవాడు మేనేజరుతో కలిసి ఏడ్చి, భూమి ఎవరిదన్నది మరిచిపోవచ్చు. అందుకే ఎవరికైనా 'వనవాసి' ఇస్తే దానితోపాటు మహాశ్వేతాదేవి 'ఎవరిదీ అడవి?' కూడా ఇస్తాను. బిర్సా ముండా కథలో అడవి ఏడవదు, అడుగుతుంది.

ఏ నవల ముందు చదవాలని అడిగితే మాత్రం 'వనవాసి' అనే చెబుతాను. ముందు ప్రేమించాలి, ఆ తర్వాత పోట్లాడవచ్చు. ప్రస్తుతం నా ప్రతి ఇంటర్ చదివే ఒక చెల్లి దగ్గరుంది. భానుమతి పేజీ దగ్గర పెన్సిలుతో గీత గీసి, పక్కన ఏదో రాసిందట. తిరిగొచ్చాక చూడాలి.