దరువు మీద మాట

పొన్నెకల్లు తాడికొండ దగ్గరి ఊరు. 1920లో అక్కడ ఒక దూదేకుల ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ సంగీతం కోసం నరసరావుపేట వచ్చాడు. తిండికే కటకటగా ఉన్న రోజుల్లో మురుగుళ్ల సీతారామయ్య దగ్గర స్వరజ్ఞానం సంపాదించుకున్నాడు. ఆ జ్ఞానమంతా చివరికి తంబూరా భుజాన వేసుకుని ఊరి నడిబజారులో చెప్పే బుర్రకథలోకి పోయింది. బుర్రకథ అనగానే పాఠ్యపుస్తకంలో బొమ్మ, రేడియోలో ఒక అరగంట మాత్రమే గుర్తొచ్చేవాళ్లకు, అది ఒకప్పుడు నిషేధానికి గురైన కళ అంటే నమ్మకం కుదరదు. అటు నిజాం రాజ్యంలోనూ ఇటు మద్రాసు ప్రభుత్వ హయాంలోనూ దానికి ఆ గౌరవం దక్కింది.

ఇప్పటి కుర్రాళ్లకు ర్యాప్ తెలుసు. కాబట్టి అటునుంచే చెప్పుకొద్దాం. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ శివార్ల నుంచి వచ్చిన ప్రాఫెట్స్ ఆఫ్ ద సిటీ అనే బృందం 1993లో ‘ఏజ్ ఆఫ్ ట్రూత్’ అనే ఆల్బం తెచ్చింది. అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ దాన్ని నిషేధించింది. మరుసటి ఏడు నెల్సన్ మండేలా అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు జరిగిన వేడుకల్లో పాడినవాళ్లలో ఆ బృందమూ ఉంది. తర్వాతి కాలంలో అక్కడి ర్యాప్ ఇంగ్లీషుకే కట్టుబడి ఉండలేదు. షోసా మాట్లాడే వాడల్లో ‘స్పాజా’ అని, సెట్స్వానా మాట్లాడేవాళ్లలో ‘మొట్స్వాకో’ అని, వీధి భాషతోనే వేరువేరు పద్ధతులు పెంచుకుంది. దరువు అమెరికాది కావచ్చు, మాట మాత్రం తమ పేటది.

మనవాళ్లు ఆ పని 1940లలోనే చేశారు. జంగం కథ, శారద కథ, తందాన కథ అని రకరకాల పేర్లతో భిక్షాటనకు ఆధారంగా ఉన్న పాత పద్ధతిని కమ్యూనిస్టులు అందుకుని, కథను మార్చేశారు. కాకుమాను సుబ్బారావు, వేపూరి రామకోటి, నాజర్ కలిసిన తొలి దళం చెప్పింది టాన్యా కథ. జర్మన్ సైన్యం చేతిలో ఉరికంబమెక్కిన సోవియట్ అమ్మాయి కథను గుంటూరు జిల్లా రైతుకూలీలు కూర్చుని విన్నారు. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ రాశారు, ‘అల్లూరి సీతారామరాజు’ రాశారు. నాజర్ బెంగాల్ కరువు చెప్పాడు, పల్నాటి యుద్ధం చెప్పాడు. మోటూరి ఉదయం మహిళా దళాన్ని నడిపారు. ఆడవాళ్లు తంబూరా పట్టి నలుగురిలో గజ్జె కట్టడం ఆనాడు ఎంత సాహసమో వేరే చెప్పాలా? ఈ దళాల వెనకున్న కమ్యూనిస్టుల సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి పేరు ఊరూరా పాకింది. 1948 తర్వాత కమ్యూనిస్టుల మీద నిర్బంధం వచ్చిపడేసరికి నాయకులు అజ్ఞాతంలోకి వెళ్లారు, దళాలు చెదిరిపోయాయి.

ఇంతకీ ఆ కళలో అంత భయపెట్టేదేముంది? ముగ్గురు మనుషులు. నడుమ కథకుడు: తలపాగా, నిలువుటంగీ, కాళ్లకు గజ్జెలు, వేళ్లకు అందెలు. అటొకరు ఇటొకరు వంతలు, చేతిలో గుమ్మెటలు. ఒక వంతది హాస్యం, ఇంకో వంతది రాజకీయం. బుర్రకథ బలమంతా ఈ పంపకంలోనే ఉందని నా అభిప్రాయం. కథకుడు కథను వదలకూడదు. జనానికి అర్థం కానిచోట అమాయకుడిలా అడ్డుపడేది హాస్యం. ‘ఏందన్నా ఇది, కోడి ఓడితే రాజ్యం వదిలి పోవడమేంది?’ అని అతను అడిగాడనుకోండి, ‘పేకాటలో పొలాలు పోలా మీ ఊళ్లో?’ అని రాజకీయం అందుకుంటాడు. పల్నాటి కథలోని నాగమ్మ కోడిపందెం, బ్రహ్మనాయుడి ఏడేళ్ల వలస ఒక్క క్షణంలో నిన్నమొన్నటి సంగతి అయిపోతాయి. ర్యాపర్ ఇవన్నీ ఒక్క గొంతుతోనే చెప్పాలి. అందుకే చాలామంది ర్యాపర్ల పాట ‘నేను’ దగ్గరే ఆగిపోతుంది. మనదాంట్లో ‘నేను’ అనేవాడికి చోటే లేదు. అన్నాడో, పక్కవాడు ఆట పట్టిస్తాడు.

వంత అంటే తోడు పాడటమే అనుకుంటారు. అది సగమే. కథకుడు పాదం వదిలిన చోట వంతలు తందాన అందుకుంటారు. ఆ కాసేపట్లోనే కథకుడు గుక్క తిప్పుకుంటాడు, తర్వాతి చరణం తలచుకుంటాడు, జనం మొహాలు చూసి ఎంత సాగదీయాలో ఎక్కడ కోయాలో తేల్చుకుంటాడు. మైకు లేని రోజుల్లో తెల్లవార్లూ గొంతు నిలబడిందంటే ఈ కిటుకు వల్లనే.

ఇక గతి. బుర్రకథ పాట ఎక్కువగా రగడల నడకది. రగడ అంటే మాత్రల లెక్క. మూడేసి మాత్రల గణాలు ఎనిమిది పేర్చితే తురగవల్గనం, గుర్రం దౌడు. ఉదాహరణకు నేనే ఒక పాదం కడతాను: ‘మిరప చేను ఎర్రబడెను మేస్త్రి లెక్క నల్లబడెను’. చేత్తో తొడ మీద దరువు వేసుకుంటూ చదవండి, ఇరవై నాలుగు మాత్రలు పరుగెత్తుతాయి. సరిగ్గా సగంలో, పదమూడో మాత్ర దగ్గర ‘మి’కి ‘మే’ యతి కుదిరింది. వినేవాడికి యతి అన్న పేరు తెలియకపోయినా చెవికి ఆ కుదురు తెలుస్తుంది. ఇప్పుడు అదే సంగతిని మూడు, నాలుగు మాత్రల జోడీల మీద నడిపిద్దాం: ‘మిరప చేలూ ఎర్రబారెను మేస్త్రి లెక్కలు నల్లబడినవి’. ఇది వృషభగతి. మాత్రలు ఇరవై ఎనిమిదయ్యాయి. సమాచారం ఒక్క అక్షరం పెరగలేదు, కానీ ఇందాకటి వెటకారం పోయి దిగులు వచ్చింది. కథకుడు గతి మార్చాడంటే జనం మనసు మార్చాలనుకున్నాడన్నమాట. రగడకు అంత్యప్రాస ఉండనే ఉంది. రెండు పాదాల చివర ఒకే మోత మోగడం హిప్‌హాప్‌తో మనకు అబ్బిందేమీ కాదు.

నాజర్ దీనికి రెండు చేర్చాడు. నరసరావుపేటలో నేర్చిన రాగాలు ఒకటి, నటన రెండోది. పాత్ర మారితే గొంతు మారేది, నిలబడే తీరు మారేది. పాటకూ పాటకూ మధ్య వచ్చే వచనాన్ని కూడా దరువు తెగనీయకుండా మాట్లాడాలి. మాట మాటలాగే ఉండాలి, తాళం తప్పకూడదు. ర్యాప్‌కు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఈ వచనమే. రాగం తీసేవాళ్లు చాలామంది దొరుకుతారు, వచనం నిలబెట్టేవాడు అరుదు. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ సినిమాలో నాజర్ అల్లూరి కథ ఉంది. దొరికితే వచనం కోసం వినండి.

పల్నాడుకు ఇంకా పాత పద్ధతి ఒకటుంది, దాన్ని దీంతో కలపకూడదు. కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే వేడుకలు జరుగుతాయి. అక్కడ దళిత గాయకులైన వీరవిద్యావంతులు పాడేది వినోదం కోసం కాదు, పల్నాటి వీరుల కొలువులో. 1970లలో జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన పల్నాటి కథను రికార్డు చేసి, 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద కావ్యాన్ని అంతకు చాలా ముందే, 1911లో, అక్కిరాజు ఉమాకాంతం అచ్చు వేయించాడు. కారంపూడిలో కథ మొక్కు. నాజర్ దగ్గర అదే కథ వాదన. మొదటిది మారాల్సిన పనిలేదు, రెండోది మారకపోతే చచ్చిపోతుంది. ఏ పల్నాటి కుర్రాడికైనా రెండూ విన్న చెవి ఉండాలని నా కోరిక.

నిర్బంధకాలం గడిచాక ప్రభుత్వాలకు బుర్రకథ విలువ తెలిసొచ్చింది. నిషేధించే బదులు అద్దెకు తీసుకున్నాయి. కుటుంబ నియంత్రణ మొదలుకుని పథకాల ప్రచారం వరకూ బుర్రకథలే. కళాకారులకు నాలుగు డబ్బులు వచ్చాయి, దాన్ని తప్పుపట్టను. కానీ రాజకీయం చెప్పాల్సిన వంత పథకం పేరు చదివేవాడయ్యాడు. హాస్యం మిగిలింది, తంబూరా మిగిలింది, మూడో గొంతు పోయింది. సినిమా, టీవీ చంపాయంటారు గానీ నా లెక్కలో అంతకు ముందే సగం ప్రాణం తీసింది ఇదే. నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో ఆయన పోయాడు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. కులం పేరుతో పిలిచిన ఊళ్లకు, ఆ పేరునే అట్ట మీద వేసి జవాబిచ్చాడు.

నరసరావుపేట ఇప్పుడు జిల్లా కేంద్రం. కాలేజీల ఊరు. ఫోన్‌లో బీటు పెట్టుకుని తెలుగులో రాయాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట: అమెరికా యాస అరువు తెచ్చుకునే ముందు నాలుగు రగడలు లెక్క కట్టి చూడండి. ఒంటరిగా పాడకండి, ఇద్దరు వంతలను వెతుక్కోండి. ఒకరికి హాస్యం ఇవ్వండి. రెండోవాళ్లకు మిర్చియార్డు రేటు, సాగర్ కాలవలో నీటి సంగతి, ఊళ్లో జరుగుతున్నదంతా అప్పగించండి. ఆ చోటు మాత్రం ఏ పార్టీకీ, ఏ ప్రాయోజకుడికీ అద్దెకు ఇవ్వకండి.