నీటి రంగు తెలిసిన చెయ్యి

జంగారెడ్డిగూడెం మెట్టలో నూనె పామాయిల్ గెలల్లో పండుతుంది. ఏలూరు దాటి కైకలూరు వైపు పల్లానికి దిగితే, చేపల చెరువుల పచ్చటి నీళ్లలోనూ నూనె ఉంది, కంటికి ఆనని నాచు కణాల లోపల. కొల్లేటి రైతుకు ఆ నూనెతో పని లేదు. ఆ కణాల్ని పెంచడంలో మాత్రం అతని నేర్పు చూసి తీరాలి.

చేపపిల్లల్ని వదలకముందే నీటికి రంగు రావాలి. అందుకు పేడ, కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్, యూరియా వేస్తారు. యూరియాలో 46 శాతం నత్రజని. దానితోనే కణం మాంసకృత్తుల్ని, పత్రహరితాన్ని తయారుచేసుకుని రెండుగా చీలుతుంది. నాచును నీటిలోని సూక్ష్మజీవులు తింటాయి, వాటిని బొచ్చె చేప తింటుంది.

ఎంత వెయ్యాలో చెప్పేది చెయ్యే. రైతు మోచేతి దాకా ముంచి అరచేతిని చూస్తాడు. తేటగా కనిపిస్తే ఎరువు చాలలేదు. మోచెయ్యి మునగకముందే అరచెయ్యి మాయమైతే ఎరువు ఆపాలి. ఆ మసక బురదదా, నాచుదా అన్నది రంగును బట్టి ముందే తేల్చుకుంటాడు. నాచు మితిమీరితే రాత్రంతా ప్రాణవాయువును అదే పీల్చేస్తుంది, తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మధ్యాహ్నం నీటి క్షారగుణం పెరిగినప్పుడు మిగులు నత్రజని విషపు అమ్మోనియా అవుతుంది. మబ్బు పట్టిన రోజున నాచు నత్రజనిని సరిగా వాడుకోలేదు, అది నీటిలో మిగిలిపోతుంది. అందుకే ఆ రోజు తెలిసిన రైతు యూరియా జోలికి పోడు.

నాచు నుంచి నూనె తీసేవాళ్ల విద్య దీనికి తలకిందులు. నత్రజని అందకపోతే కణం చీలలేదు. ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది, లోపల కర్బనం పోగవుతూనే ఉంటుంది. దాన్ని కణం నూనె బొట్లుగా దాచుకుని పసుపుబారుతుంది. కొన్ని జాతుల్లో ఎండు బరువులో సగం దాకా నూనే. అయితే అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా సాగించిన పరిశోధనకు ఇక్కడే చిక్కొచ్చింది. పస్తు పెడితే కణంలో నూనె పెరిగింది, కణాల పెరుగుదల మందగించింది, మొత్తం దిగుబడి మాత్రం పెరగలేదు. ముందు పుష్కలంగా పెట్టి పెంచి, ఆపైన పస్తుంచే రెండంచెల పద్ధతి దీనికి ఒక జవాబు.

రెండు విద్యల్లోనూ ఎప్పుడు ఆపాలో తెలియడమే గట్టి పని. చెరువులో మిగిలిన నత్రజని గట్టు దగ్గర ఆగదు. నీళ్లు వదిలినప్పుడు కాలువల వెంట 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరుకూ, ఉప్పుటేరుకూ చేరి అక్కడా నాచును పెంచుతుంది. వేళకు ఎరువు ఆపిన రైతు తన డబ్బునూ చేపనూ కాపాడుకుంటూ సరస్సుకూ మేలు చేస్తున్నాడు.